వంటింటికి కొలత మోచేయి

మా వంటిల్లు కొత్తగా చేయించి రెండేళ్లు దాటింది. చూసినవాళ్లందరూ బాగుందంటారు. నాకేమో కుడి భుజం నొప్పి.

ఈ రెండింటికీ సంబంధం ఉందని తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది. మొదట వయసు అనుకున్నాను. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చోవడం వల్ల అనుకున్నాను. దిండు కూడా మార్చాను. ఒకరోజు మా ఆయన ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కనుంచి చూశాను. తరుగుతున్నట్టు లేదు, గట్టు మీద జారిపోయిన సూది ఏదో వెతుకుతున్నట్టుంది. అంతలా వంగిపోయి ఉన్నారు. "అలా వంగితే నడుము నొప్పి పుట్టదా?" అన్నాను. "వంటన్నాక పుట్టదా మరి" అన్నారు, అదేదో వంటలో ఒక భాగమైనట్టు. అప్పుడు నన్ను నేను గమనించుకున్నాను. పిండి కలిపేటప్పుడు నా భుజాలు రెండూ లేచి చెవుల దగ్గరికి చేరుతున్నాయి.

ఆయన ఎత్తు 178 సెంటీమీటర్లు. నాది 155. గట్టు ఎత్తు 90. ఆయనకి తక్కువ, నాకు ఎక్కువ. ఇద్దరిలో ఎవరికీ పక్షపాతం చూపకుండా ఇద్దరినీ సమానంగా ఇబ్బంది పెట్టే ఎత్తు.

ఆ 90 ఎవరు నిర్ణయించారా అని వెనక్కి వెళ్లి ఆలోచిస్తే, ఎవరూ నిర్ణయించలేదు. మాడ్యులర్ కిచెన్ వాళ్ల మనిషి వచ్చి గదంతా కొలిచాడు. గోడలు, కిటికీ, బీము, పైపులు, అన్నీ లేజర్ పెట్టి మిల్లీమీటర్లతో సహా రాసుకున్నాడు. నన్ను కొలవలేదు. కొలవమని నాకూ తట్టలేదు. చాలా దేశాల్లో గట్టు ఎత్తు 85 నుంచి 91 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది, కింద పెట్టే కబోర్డు డబ్బాలు ఆ లెక్కకే ఫ్యాక్టరీలో తయారవుతాయి, వాటి మీద రాయి పడుతుంది. అంతే. మేమేమో లామినేట్ రంగు దగ్గర మూడు వారాలు తర్జనభర్జన పడ్డాం. ముదురాకుపచ్చా, బూడిద రంగా అని నాలుగు ముక్కలు తెచ్చుకుని పగటి వెలుతురులో, రాత్రి లైటు కింద, మబ్బు పట్టినప్పుడు తిప్పి తిప్పి చూశాం. ఎత్తు గురించి మూడు నిమిషాలు కూడా మాట్లాడుకోలేదు.

ఇందులో మా తెలివితక్కువతనం ఉంది, కాదనను. కానీ ఆ తర్వాత నుంచి వంటిళ్ల ఫొటోలు, వీడియోలు చూస్తుంటే మా ఒక్కరి తెలివితక్కువతనం కాదనిపిస్తోంది. ఇప్పుడు నడుస్తున్న ఫ్యాషన్లలో ముప్పాతిక మటుకు గుమ్మం దగ్గర నిలబడి చూసేవాళ్ల కోసం పుట్టినవి. పొయ్యి దగ్గర నిలబడేవాళ్ల లెక్క అందులో లేదు. నా గొడవంతా ఇదే.

ముందు ఆ కొలత సంగతి చెప్పేస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. చెప్పులు లేకుండా, లేదా ఇంట్లో వేసుకునే చెప్పులతో, నిటారుగా నిలబడి మోచేతిని మడవండి. నేల నుంచి మోచేతికి ఎంత ఉందో కొలవండి. తరగడానికి, కలపడానికి గట్టు దానికన్నా 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందుండాలి. నా మోచేయి 97 దగ్గరుంది, అంటే నాకు 82 నుంచి 87. మా ఆయనది 112, అంటే ఆయనకి 97 నుంచి 102. మా ఇద్దరి మధ్య 15 సెంటీమీటర్ల తేడా. పొయ్యి ఉన్నచోట ఇంకాస్త కిందికి ఉంటే మేలు, ఎందుకంటే చెయ్యి తిరిగేది గట్టు మీద కాదు, గిన్నె అంచు మీద. సింకు దగ్గర దీనికి పూర్తిగా ఉల్టా. అక్కడ చేతులు పనిచేసేది సింకు అడుగున. అందుకని సింకు కాస్త పైకి ఉండాలి.

ఇప్పుడు ఫ్యాషన్ ఏమిటో చూడండి. గట్టంతా ఒకే మట్టం, ఒక మూల నుంచి ఇంకో మూలకి గీత గీసినట్టు ఉండాలి. సింకు మాత్రం వీలైనంత లోతు, 25 సెంటీమీటర్లు. పెద్ద గిన్నెలు పడతాయి, అంట్లు బయటికి కనబడవు, ఫొటోలో చదునుగా ఉంటుంది. మా ఇంట్లో లెక్కేస్తే సింకు అడుగు నేలకి 65 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. నేనే చేతులు బారుగా చాపి ముందుకి ఒరగాలి, మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు. ఒకే గట్టు మీద ఎత్తు ఎక్కువై భుజం నొప్పి, రెండడుగులు పక్కకి జరిగితే లోతు ఎక్కువై నడుం నొప్పి.

ఇవేవీ కొత్త విషయాలు కావు. లిలియన్ గిల్‌బ్రెత్ అనే అమెరికన్ ఇంజనీరు, పన్నెండు మంది పిల్లల తల్లి, 1929లోనే వంటింటి నమూనా ఒకటి తయారుచేసింది. ఫ్యాక్టరీల్లో కార్మికుల కదలికలు కొలిచే పద్ధతిని వంటింట్లోకి తెచ్చి, గట్టు ఎత్తు వండే మనిషి ఎత్తుని బట్టి ఉండాలని చెప్పింది. తమాషా ఏమిటంటే ఆవిడకి వంటతో పెద్దగా పరిచయం లేదు.

అంతకు మూడేళ్ల ముందు, 1926లో, ఆస్ట్రియాకి చెందిన మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టిస్తున్న చవక ఇళ్లకోసం ఒక వంటిల్లు గీసింది. ఇవాళ మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి ముత్తాత అదే. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు సుమారు 3.4 మీటర్లు. రైళ్లలో డైనింగ్ కారు వంటిల్లు చూసి, అంత ఇరుకులో అంతమందికి ఎలా వండుతున్నారని ఆలోచించి, అడుగులు లెక్కపెట్టి, సమయం కొలిచి గీసిన వంటిల్లు. అలాంటివి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దాదాపు 10,000 బిగించారు. అందులో ఒక్కో వస్తువుకీ ఒక కారణం ఉంది. పిండి పోసే సొరుగు ఓక్ చెక్కది, పురుగు పట్టకూడదని. తరిగే బల్ల బీచ్ అనే చెట్టు చెక్కది, కత్తి గాట్లకి, మరకలకి తట్టుకుంటుందని. బల్ల కిటికీ కింద ఉంది, వెలుతురు చేతుల మీద పడాలని. కూర్చుని పనిచేసుకోవడానికి తిరిగే స్టూలు. ఎటు కావాలంటే అటు జరుపుకునేలా పైన కడ్డీకి వేలాడే లైటు.

తనకి అప్పటికి వంట రాదని, ఇల్లు నడిపిన అనుభవమే లేదని ఆవిడ తర్వాతి కాలంలో ఒప్పుకుంది. నాకిది పెద్ద లోపంగా అనిపించలేదు. వంట రాదు కాబట్టే కొలిచింది. తెలుసనుకునేవాళ్లు కొలవరు. నేను పాతికేళ్లుగా వండుతున్నాను, నా మోచేయి ఎంత ఎత్తులో ఉందో నొప్పి వచ్చేదాకా నాకు తెలియదు. ఇప్పుడు వంటిళ్లు గీసే చాలామందికి వంటా రాదు, కొలతా లేదు. కంప్యూటర్లో బొమ్మ మాత్రం అద్భుతంగా వస్తుంది, అందులో బల్ల మీద మూడు నిమ్మకాయలు కూడా ఉంటాయి.

ఆ ఫ్రాంక్‌ఫర్ట్ వంటింట్లో తప్పులు లేవని కాదు. అది ఒక్క మనిషి కోసం గీసింది. ఆ ఒక్క మనిషీ ఆడమనిషే అన్నది అందరూ అడగకుండానే ఒప్పేసుకున్న సంగతి. ఇద్దరు నిలబడితే ఒకరినొకరు తోసుకోవాలి. పేర్లు రాసిన అల్యూమినియం సొరుగుల్లో ఆ పేరున్న సరుకే పోయాలి, పైగా అవి పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు, వండే మనిషిని ఒక గదిలో పెట్టి మూసేసిందని. గోడ పడగొట్టి వంటింటిని హాల్లో కలిపేయడం ఆ ఫిర్యాదుకి జవాబుగానే జనానికి నచ్చింది. వండుతూ పిల్లల్ని చూసుకోవచ్చు, వచ్చినవాళ్లతో మాట్లాడొచ్చు, ఒంటరిగా చెమటలు కక్కక్కర్లేదు. ఆ వాదనలో న్యాయం ఉంది. మేమూ అందుకే గోడ తీయించాం.

తీయించాక తెలిసినవి చెప్తాను. ఒకటి, మిక్సీ వేస్తే హాల్లో ఫోన్ మాట్లాడేవాళ్లు బాల్కనీలోకి పరిగెత్తాలి. రెండు, వేయించిన ప్రతిదాని వాసనా సోఫా గుడ్డలో నివాసం ఏర్పరచుకుంటుంది. మూడోది అసలైనది. అంట్లు ఉన్న సింకు ఇప్పుడు ఇంటికి ముఖద్వారం అయింది. వంట మధ్యలో ఉన్న వంటిల్లు చిందరవందరగా ఉండడం దాని ధర్మం. తలుపు ఉన్నప్పుడు ఆ చిందరవందర దాని మానాన అది ఉండేది. ఇప్పుడు వండుతూనే తుడుస్తూ, తుడుస్తూనే సర్దుతూ, ఎవరో వస్తారన్నట్టు ఎప్పుడూ ఒక చిన్న టెన్షన్. వండే మనిషిని ఒంటరితనం నుంచి తప్పించి ప్రదర్శనలో పెట్టినట్టయింది.

ఈ ఇబ్బంది నా ఒక్కదానిదే అయితే, ఇప్పుడు పెద్ద ఇళ్లలో రెండో వంటిల్లు అనే ఫ్యాషన్ పుట్టేది కాదు. ముందు తెరిచిన వంటిల్లు, మధ్యలో గోడకి ఆనకుండా విడిగా నిలబడే గట్టు, అదే ఐలాండ్, పాలరాయి, వరుసగా స్టూళ్లు. దాని వెనకాల గోడ చాటున ఇంకో చిన్న వంటిల్లు. అసలు పొయ్యి, అసలు సింకు, అసలు అంట్లు, మసి, నూనె అన్నీ అక్కడ. ముందుది చూపించడానికి, వెనకది వండడానికి. నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. వంటింటిని హాల్లోకి తెచ్చి, అది అక్కడ వంటిల్లులా ఉండలేకపోతోందని, వంటిల్లు లాంటి వంటింటిని మళ్లీ గోడ వెనక కట్టుకుంటున్నాం. గోడ తీసి గోడ కట్టుకోవడానికి రెండింతల ఖర్చు. వెనక గదిలో వండే మనిషి మళ్లీ ఒంటరే. అదీ ఈసారి కిటికీ కూడా లేని మూల గదిలో.

మధ్యేమార్గం ఒకటి ఉంది. అది కూడా ఈమధ్య ఫ్యాషన్‌లోకే వచ్చింది కాబట్టి మెచ్చుకోవాలి. గాజు పలకలతో పక్కకి జరిపే తలుపులు. కావాలంటే తెరుచుకోవచ్చు, వేయించేటప్పుడు మూసుకోవచ్చు, మూసినా అవతలివాళ్లు కనబడతారు. దీన్నేదో సరికొత్త ఆలోచనగా పత్రికల్లో వేస్తుంటే నవ్వొస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ వంటింటికీ హాలుకీ మధ్య 1926లో ఉన్నది జరిపే తలుపే. దాన్ని తెరిచిపెట్టి పిల్లల మీద ఒక కన్నేయొచ్చని. ఆ ఒక్కటి వదిలేసి మిగతాదంతా కాపీ కొట్టి, తర్వాత ఆ మిగతాదాన్ని తిట్టుకుని, వందేళ్లకి మళ్లీ తలుపు దగ్గరికి వచ్చాం.

పొగ సంగతి వేరే చెప్పాలి. ఓపెన్ కిచెన్ అనగానే "చిమ్నీ పెడదాం, సరిపోతుంది" అంటారు. ఏ చిమ్నీ అన్నది అడగాలి. గొట్టం లేకుండా ఫిల్టర్‌లోంచి గాలిని లాగి మళ్లీ అదే గదిలోకి వదిలేవి ఉన్నాయి. వాటిలోని జాలీ నూనె జిడ్డుని కొంత పట్టుకుంటుంది, బొగ్గు ఫిల్టర్ వాసనని కొంత తగ్గిస్తుంది. ఆవిరి, వేడి గదిలోనే ఉంటాయి. గ్యాస్ మంటతో వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ అనే హానికర వాయువుకీ వాటిని నమ్ముకోలేం. బయటికి గొట్టం ఉన్నదే చిమ్నీ. ఆ గొట్టం ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా, ఎంత లావుగా ఉంటే అంత బాగా లాగుతుంది. ప్రతి మలుపూ దాని బలం తినేస్తుంది.

మా ఇంట్లో బీము అడ్డం వచ్చింది. బిగించడానికి వచ్చినవాళ్లు ఆరంగుళాల గొట్టాన్ని మధ్యలో నాలుగంగుళాలకి కుదించి, రెండు వంపులు తిప్పి, జిప్సం బోర్డుతో అందంగా మూసేసి వెళ్లిపోయారు. డబ్బాలో ఉన్న ఫ్యాను అదే, అట్ట మీద రాసిన సామర్థ్యమూ అదే. బయటికి పోయేది మాత్రం అందులో సగమేమో, మోత మాత్రం రెట్టింపు. మోత భరించలేక చిన్న స్పీడులో పెడతాం, చిన్న స్పీడు పొగని లాగదు, మళ్లీ సోఫా. దీనికి తోడు కిటికీలన్నీ బిగించి చిమ్నీ వేస్తే అది లాగడానికి గదిలోకి గాలి ఎక్కడినుంచి రావాలి? ఒక కిటికీ నాలుగు వేళ్లంత తెరిచిపెట్టండి, తేడా మీకే తెలుస్తుంది. వెనక బర్నర్ మీద వేయించడం ఇంకో కిటుకు. ముందు బర్నర్ పొగ చిమ్నీ అంచు దాటి మన మొహానికే వస్తుంది, వెనకది ఎక్కువ మటుకు పైకే పోతుంది. పొయ్యి మధ్యలోంచి పొగని కిందికి లాగేసే కొత్త రకాలు వచ్చాయి, ఐలాండ్ మీద చిమ్నీ అడ్డంగా కనబడకూడదని. పైకి పోవడం పొగ స్వభావం. గిన్నె ఎత్తుగా ఉంటే ఆ లాగుడు అందేలోపు సగం పొగ తప్పించుకుపోతుంది. ఇక్కడా గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి కంటి కోసమే ఇదంతా.

గట్టు రాయి విషయం రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

మేం క్వార్ట్జ్ వేయించాం. మరక పట్టదు, రంధ్రాలుండవు, ఏళ్ల తరబడి పాలిష్ అక్కర్లేదు, తెల్లగా సన్నటి బూడిద గీతలతో పాలరాయిలాగే ఉంటుంది. అది గనిలోంచి పలకలా తీసిన రాయి కాదు. క్వార్ట్జ్ పొడిని రెసిన్ అనే జిగురుతో కలిపి, నొక్కి, పలకలుగా చేస్తారు. అందులో క్వార్ట్జ్ మామూలుగా 90 శాతం దాకా, ఒక్కోసారి పైన కూడా ఉంటుంది. పొయ్యి మీంచి గిన్నె తీసి నేరుగా పెడితే రెసిన్ మాడి మచ్చ పడుతుందని కొన్న తర్వాత చెప్పారు. అది చిన్న సంగతి, గిన్నె కింద గుడ్డ వేసుకుంటాం.

సింకు కోసం రాయికి రంధ్రం కోయడం మా బాల్కనీలో జరిగింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడు, మొహానికి చేతి రుమాలు కట్టుకుని, నీళ్లు పోయకుండా పొడిగా మెషిన్ పెట్టి కోశాడు. తెల్లటి దుమ్ము మేఘంలా లేచింది. ఇంట్లోకి రాకుండా మేం తలుపు మూసుకున్నాం. తర్వాత మూడు రోజులు ఆ దుమ్ము తుడుస్తూ విసుక్కున్నాం. ఆ కుర్రాడు రోజూ రెండు మూడు ఇళ్లలో అదే పని చేస్తాడని, ఆ దుమ్ములోనే ఊపిరి తీసుకుంటాడని అప్పుడు ఆలోచించలేదు.

ఆ దుమ్ము పేరు స్ఫటిక సిలికా. కంటికి కనబడనంత సన్నటి రేణువులు ఊపిరితిత్తుల్లోకి దిగి మచ్చలు కట్టిస్తాయి. ఆ జబ్బు సిలికోసిస్, దాన్ని నయం చేసే మందు లేదు. గనుల్లో పనిచేసేవాళ్లకి వచ్చేదిగా వైద్యులకి ఎప్పటినుంచో తెలిసిన జబ్బే. వంటింటి గట్లు కోసేవాళ్లకి, అదీ వయసులో ఉన్నవాళ్లకి, కొద్ది ఏళ్లకే ముదిరిపోతుండటం ఇజ్రాయెల్, స్పెయిన్, ఆస్ట్రేలియా, కాలిఫోర్నియాల్లో బయటపడింది. గ్రానైట్‌లోనూ సిలికా ఉంటుంది కానీ క్వార్ట్జ్ పలకకన్నా బాగా తక్కువ, పాలరాతిలో ఇంకా తక్కువ. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఇలా పొడితో చేసే ఇంజనీర్డ్ రాయి తయారీని, సరఫరాని, కోయడాన్ని, బిగించడాన్ని నిషేధించింది. ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం అదే. గట్టు మీద వండుకునేవాళ్లకి ప్రమాదం లేదు, ప్రమాదమంతా కోసేటప్పుడు, సానపెట్టేటప్పుడు.

దీన్ని ఫ్యాషన్ అనే మాట కింద కలిపేయడానికి నాకు మనసొప్పదు. మళ్లీ చేయిస్తే నేను క్వార్ట్జ్ వేయించను. వేయించాల్సి వచ్చినా, గ్రానైటే వేయించినా సరే, సింకు, పొయ్యి, కుళాయి రంధ్రాలు అన్నీ ముందే కొలిచి ఇచ్చి, నీళ్లు పోస్తూ, దుమ్ము లాగే మెషిన్ పెట్టి, వర్క్‌షాపులోనే కోయించాలని కాగితం మీద రాయించుకుంటాను. ఇంట్లో పొడి కోత కుదరదంటాను. "అందరూ ఇలాగే చేస్తారమ్మా" అని తప్పకుండా అంటారు.

హ్యాండిళ్లు లేని తలుపుల గురించి ఎక్కువ రాయక్కర్లేదు. తడి చేత్తో ఒకసారి తెరిచి చూడండి. హ్యాండిల్‌కి బదులు వేలు పెట్టి లాగే గాడిలో చేరిన జిడ్డుని తీయడానికి మేం పాత టూత్‌బ్రష్ వాడుతున్నాం. తెరిచి ఉన్న అరలు కూడా అంతే. నూనె ఆవిరి, దుమ్ము కలిసి తయారయ్యే ఆ బంక గురించి తెలిసినవాళ్లెవరూ పొయ్యి దగ్గర అవి పెట్టించరు. ఐలాండ్ కావాలనుకునేవాళ్లు ముందు నేల మీద సుద్దముక్కతో గీసి, చుట్టూ మీటరు పైన ఖాళీ ఉందో లేదో చూసుకోండి. ఇద్దరు వండే ఇల్లయితే 120 సెంటీమీటర్లు కావాలి. ఫ్రిజ్ తలుపు, ఓవెన్ తలుపు తెరిస్తే ఎంత దూరం వస్తాయో అవి కూడా గీయండి. ఆ గీతల మధ్య రెండు రోజులు నడవండి. గీత తొక్కిన ప్రతిసారీ తుంటికి దెబ్బ తగిలిందని లెక్క. మా పెద్దాడు ఈ ఆట బాగా ఆడాడు, ఐలాండ్ ఆలోచన దాంతోనే పోయింది. మొత్తం పనిలో మేం చేసిన ఒకే ఒక్క తెలివైన పని అది.

ఇంత తిట్టాను కాబట్టి కొత్తగా వచ్చినవాటిలో నాకు బాగా నచ్చినవి కూడా ఉన్నాయని చెప్పాలి. కింద తలుపులు, అరలకి బదులు లోతైన సొరుగులు పెట్టడం వాటిలో మొదటిది. అరలో వెనక ఉన్న గిన్నె కోసం మోకాళ్ల మీద కూర్చుని, ముందున్నవన్నీ నేల మీద పరిచి, తల లోపల పెట్టే అవస్థ సొరుగుతో పోయింది. లాగితే వెనకదీ ముందుదీ ఒకేసారి పైనుంచి కనబడతాయి. సొరుగు జారే ఛానళ్లు గిన్నెల బరువుకి తగ్గ గట్టివి వేయించుకోవాలి, అక్కడ పిసినారితనం పనికిరాదు. గట్టు దగ్గర ఆడంబరం ఒక్కటి వదులుకున్నా ఆ ఖర్చు వచ్చేస్తుంది.

రెండోది, త్రిభుజం పోవడం. పొయ్యి, సింకు, ఫ్రిజ్ మూడింటినీ గీతలతో కలిపితే వచ్చే త్రిభుజంలో ఒక్కో భుజం నాలుగు నుంచి తొమ్మిది అడుగులు ఉండాలని, మూడూ కలిపి 26 అడుగులు దాటకూడదని ఒక సూత్రం ఉంది. 1940ల్లో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచారంలోకి తెచ్చారు. మంచి సూత్రమే, కానీ ఒక్క మనిషి వండుతుందనుకుని గీసిన త్రిభుజం. ఇప్పుడు దానికి బదులు పనిని బట్టి భాగాలు చేస్తున్నారు. తరిగే చోట కత్తులు, బల్ల, చెత్తబుట్ట. కడిగే చోట గిన్నెల సొరుగు. కాఫీ, టీ, టిఫిన్ డబ్బాలు ఇంకో మూల. మా ఇంట్లో పొద్దున ఏడింటికి ముగ్గురం వంటింట్లో ఉంటాం. ఒకరి దారిలో ఒకరు పడకపోవడం ఈ పద్ధతి పుణ్యమే.

ఇండక్షన్ పొయ్యి మీద నా అభిప్రాయం మారింది. మొదట్లో మంట కనబడని పొయ్యి ఏం పొయ్యి అనుకునేదాన్ని. కరెంటులో 85 శాతం దాకా గిన్నెకి చేరుతుంది. గ్యాస్ మంటలో గిన్నెకి చేరేది అంతకన్నా బాగా తక్కువ, మిగతాదంతా గదిని, మనల్ని వేడెక్కిస్తుంది. వండే మనిషి ఒంటికి ఆ తేడా తెలుస్తుంది. నూనె పొగ దేనిమీదైనా తప్పదు కానీ మంట నుంచి వచ్చే వాయువులు ఉండవు. ఉన్న గిన్నెల్లో ఏవి పనికొస్తాయో ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుంది, అంటుకుంటే పనికొస్తుంది. టచ్ బటన్లు మాత్రం నాకు పడవు. తడి వేలికి పలకవు, పొంగిన పాలు పడితే మొత్తం ఆగిపోతుంది. తిప్పే నాబ్‌లున్న రకాలు కూడా దొరుకుతున్నాయి, అవి చూసుకోండి. ఇప్పుడు గ్యాసే వాడేవాళ్లు కూడా పని జరిగేటప్పుడే పొయ్యి దగ్గరికి విడిగా ఒక లావు వైరు, దానికి విడిగా బ్రేకరు వేయించుకుని పెట్టుకోవాలి. నాలుగు గిన్నెల ఇండక్షన్ పొయ్యి మొత్తం వెలిగితే 7 కిలోవాట్లు లాగుతుంది. మామూలు ప్లగ్గుకి అది అందదు. టైల్స్ వేశాక గోడ పగలగొట్టాలంటే ప్రాణం పోతుంది. మేం వేయించలేదు. పోయింది.

లైటు గురించి ఒక్క మాట. గది మధ్యలో ఎంత వెలుగున్న దీపం పెట్టినా మనం గట్టు వైపు తిరగ్గానే మన నీడ కత్తి మీద పడుతుంది. పై కబోర్డుల కింద, ముందు అంచుకి దగ్గరగా ఒక లైటు పట్టీ చాలు. కడ్డీకి లైటు వేలాడదీసిన షూటె-లిహోట్స్కీకి తెలిసిన సంగతే ఇది.

గట్టు పగలగొట్టి మళ్లీ కట్టించే ఓపిక, డబ్బు మాకు లేవు. అందుకని చిల్లర మరమ్మతులు చేసుకున్నాం. మా ఆయన కోసం ఎనిమిది సెంటీమీటర్ల మందం చెక్క దిమ్మ ఒకటి చేయించాం, గట్టు మీద పెట్టుకుని తరుగుతారు. అది పెట్టాక 98 అయింది, ఆయన మెడ నిటారుగా నిలబడింది. నాకోసం పై సొరుగు ఒకటి తీసేసి, ఆ ఖాళీలోంచి బయటికి లాగే బల్ల పెట్టించాం. 80 దగ్గర కుదిరింది, నాకు కావాల్సినదానికన్నా రెండు తక్కువ, అయినా సుఖంగా ఉంది. సింకులో అడుగున ఒక స్టీలు స్టాండు వేసి, దాని మీద గిన్నె పెట్టి తోముతున్నాం. చిమ్నీ గొట్టం మార్చాలంటే జిప్సం బోర్డు విప్పాలి, ఆ పని ఇంకా వాయిదా పడుతూనే ఉంది. బల్ల చేసిన కార్పెంటరు నా మోచేయి కొలిచేటప్పుడు నవ్వాపుకోలేకపోయాడు. బట్టలు కుట్టేవాళ్లు తప్ప ఇలా మనుషుల్ని కొలవడం తానెప్పుడూ చూడలేదన్నాడు.

దిమ్మ, బల్ల, స్టాండు పెట్టాక వంటిల్లు మునుపటంత అందంగా లేదు. వచ్చినవాళ్లు ఆ దిమ్మ ఎందుకని అడుగుతారు. భుజం నొప్పి మాత్రం మూడొంతులు తగ్గింది.

మా ఆడపడుచు ఇంట్లో వచ్చే నెల వంటింటి పని మొదలుపెడుతున్నారు. పోయిన వారం ఒక్కరోజే నలభై ఫొటోలు పంపింది. గోధుమరంగు చెక్క, ఇత్తడి కుళాయి, గట్టు నుంచి నేల దాకా జారే రాయి. "వదినా, వీటిలో ఏది బాగుంది?" అని. "ముందు నీ మోచేయి నేల నుంచి ఎంత ఎత్తుందో చెప్పు" అని మెసేజ్ పెట్టాను. రెండు రోజులైంది. టేపు ఎక్కడ పెట్టిందో వెతుకుతోందట.